ఇంటి సోలార్‌కు బ్యాటరీ పెట్టాలా? ఆన్‌గ్రిడ్, హైబ్రిడ్, ఆఫ్‌గ్రిడ్ ఖర్చు, పనితీరు లెక్కలు

మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ ఉన్న ఇంట్లో మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే ఫ్యాన్లు ఆగిపోతాయి. నడినెత్తిన ఎండ మండుతున్నా అంతే. అది లోపం కాదు, అలా ఆగడమే దాని ధర్మం. బయటి లైన్లో కరెంటు లేదని తెలియగానే ఆ లైన్‌తో కలిసి నడిచే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ ఆగిపోకపోతే, స్తంభమెక్కి మరమ్మతు చేస్తున్న లైన్‌మన్‌కు మన ప్యానెళ్ల కరెంటు తగులుతుంది. ఈ సంగతి అమ్మేటప్పుడు చాలామంది చెప్పరు. బిగించాక తెలుస్తుంది. అప్పుడు మొదలవుతుంది ప్రశ్న: బ్యాటరీ కూడా ఉండే హైబ్రిడ్ తీసుకుని ఉండాల్సిందా?

జవాబు మొదటే చెప్పేస్తాం. నెట్ మీటర్ (లైన్లోకి పంపినదీ, తీసుకున్నదీ లెక్కగట్టే మీటర్) ఉన్న ఇంట్లో బ్యాటరీ బిల్లును తగ్గించదు. పగలు మిగిలిన యూనిట్ లైన్లోకి వెళ్లి, రాత్రి వాడుకున్న యూనిట్‌తో చెల్లుకు చెల్లు అవుతుంది. అంటే గ్రిడ్డే (బయటి కరెంటు లైనే) మీకు ఖర్చు లేని బ్యాటరీ. సొంత బ్యాటరీ మీద పెట్టే ప్రతి రూపాయీ కరెంటు లేని గంటల కోసం పెడుతున్నదే. ఆ గంటలు మీ ఇంట్లో ఎన్ని, అప్పుడు ఏం నడవాలి అన్నవి తేలితే ఎంపిక సగం అయిపోయినట్టే.

ఉన్న దారులు

ఆన్‌గ్రిడ్: ప్యానెళ్లు, ఇన్వర్టర్, నెట్ మీటర్. అన్నిటికంటే చవక, చెడిపోయే సామాను తక్కువ. కరెంటు పోతే పనిచేయదు.

హైబ్రిడ్: ప్యానెళ్లు, బ్యాటరీ, గ్రిడ్ మూడూ ఒకే ఇన్వర్టర్‌కు కలుస్తాయి. మిగిలింది లైన్లోకి పంపుతుంది. కరెంటు పోతే లైన్ నుంచి విడిపోయి, బ్యాకప్ కొసకు కలిపిన లోడ్లను మాత్రం నడుపుతుంది.

ఆఫ్‌గ్రిడ్: లైన్లోకి ఏమీ పంపదు. ఉదయం పదకొండింటికల్లా బ్యాటరీ నిండితే, ఇంట్లో అప్పటికప్పుడు వాడకం లేకపోతే, ఆపైన వచ్చే ఎండంతా వృథా. లైన్ ఉన్న ఊళ్లో ఇల్లు కట్టుకున్నవారికి దీన్ని మేము సూచించం. తోటలో, లైన్ రాని చోట సరే. పొలం పంపు అయితే దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు. ఎండ ఉన్నప్పుడు తోడి తొట్టిలో నింపుకుంటే ఆ నీళ్లే నిల్వ.

నాలుగోది ఎవరూ కొటేషన్‌లో రాయరు: ఆన్‌గ్రిడ్ సోలార్, దాని పక్కన మామూలు ఇంటి ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ, అంటే నీళ్లు పోసే లెడ్ యాసిడ్ రకం, ఒకటి. రెంటికీ సంబంధం ఉండదు. రోజుకు గంటా గంటన్నర కరెంటు పోయే ఇంటికి, ఫ్యాన్లూ లైట్లూ వైఫై నడిస్తే చాలనుకునేవారికి, మా దృష్టిలో ఇదే మంచి బేరం. పాతిక వేల రూపాయల దగ్గర్లో అయిపోతుంది. చాలా ఇళ్లలో ఆ ఇన్వర్టర్ ఇప్పటికే ఉంటుంది కూడా.

పేరుతో ఒక చిక్కుంది. మన మార్కెట్లో బ్యాటరీ పెట్టే సోలార్ ఇన్వర్టర్లన్నిటినీ హైబ్రిడ్ అనేస్తారు. వాటిలో చాలావాటికి లైన్లోకి కరెంటు పంపే ఏర్పాటే ఉండదు. గ్రిడ్ నుంచి బ్యాటరీ ఛార్జి చేయగలవు, అంతే. దుకాణంలో అడగాల్సిన మాట ఒకటే: "ఇది లైన్లోకి ఎక్స్‌పోర్ట్ చేస్తుందా, మన డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) దీనికి నెట్ మీటర్ ఇస్తుందా?" ఆన్‌గ్రిడ్ భద్రతా ప్రమాణం ఐఎస్ 16169 ధ్రువపత్రం చూపించమనండి. చూపించలేకపోతే అది ఆఫ్‌గ్రిడ్డే.

3 కిలోవాట్ల ఇంటి లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 400 యూనిట్లు వాడే ఇంటిని తీసుకుందాం. శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75. కలిపితే కరెంటు వాడకం ఛార్జీ రూ.2,548 అవుతుంది. ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం, సర్దుబాటు ఛార్జీలు వేరే.

మన ఎండకు కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. 3 కిలోవాట్లకు నెలకు 360. మిగిలే 40 యూనిట్లకు రూ.87 కడితే సరిపోతుంది. నెలకు రూ.2,460, ఏడాదికి రూ.29,500 మిగులు. సోలార్ అన్నిటికంటే ముందు రూ.8.75 శ్లాబును కొట్టేస్తుంది కాబట్టే ఇంత లాభం. నెలకు 120 యూనిట్లు వాడే ఇంట్లో ఈ లెక్క ఇలా రాదు.

దేశీయ సెల్స్‌తో చేసిన ప్యానెళ్లు పెట్టి, 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ బిగించడానికి సుమారు రూ.2 లక్షలు అనుకుందాం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ.30,000, మూడో కిలోవాట్‌కు రూ.18,000, మొత్తం రూ.78,000 రాయితీ. చేతి నుంచి పడేది రూ.1.22 లక్షలు. నాలుగేళ్లకు కాస్త అటూ ఇటూగా తిరిగొస్తుంది.

అదే ఇల్లు హైబ్రిడ్‌కు వెళితే ఇన్వర్టర్ తేడా, బ్యాకప్ డీబీ (బ్యాకప్ లోడ్లకు వైర్లు పంచే పెట్టె), వైరింగ్ కలిపి మరో రూ.45,000, 5 యూనిట్ల లిథియం బ్యాటరీకి దాదాపు రూ.లక్ష. రాయితీ మాత్రం అదే రూ.78,000, బ్యాటరీకి వేరే సాయం లేదు. చేతి నుంచి పడేది రూ.2.67 లక్షలు. పైగా హైబ్రిడ్ ఇన్వర్టర్ తాను మెలకువగా ఉండటానికే 40 నుంచి 80 వాట్లు తింటుంది. 50 వాట్లు అనుకున్నా రోజుకు 1.2 యూనిట్లు. నెలకు 36 యూనిట్లు ఇలా పోతే ఏడాది మిగులు రూ.28,200కు దిగుతుంది. పెట్టుబడి తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు దాటుతుంది. నాలుగేళ్లకూ తొమ్మిదేళ్లకూ మధ్య ఉన్న ఆ అయిదేళ్లు కరెంటు పోని ఇంటికి మీరు కట్టే వెల. కట్టకూడదని కాదు. తెలిసి కట్టండి.

ధరలు ఊరిని బట్టి, సామానును బట్టి మారతాయి. పై అంకెల స్థానంలో మీకొచ్చిన కొటేషన్ అంకెలు పెట్టి ఇదే వరసలో లెక్క వేసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బ్యాటరీ విడిగా కొంటే 18 శాతం. పాత రేటుతో వేసిన కొటేషన్లు ఇంకా చేతికి రావచ్చు, చూసుకోండి.

ట్యూబులర్‌దా, లిథియమా?

ధర ఒక్కటే చూస్తే ట్యూబులర్ నెగ్గుతుంది. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలు నాలుగు కలిపితే 48 వోల్టుల బ్యాంకు, కాగితం మీద 7.2 యూనిట్లు, సుమారు రూ.65,000. కాని సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు పడిపోతుంది. ఇన్వర్టర్ నష్టం కూడా పోను వాడకానికి దక్కేది 3.3 యూనిట్లు. రోజూ వాడితే 1,500 సార్లు ఛార్జి, డిశ్చార్జి అయ్యాక దాని పని అయిపోతుంది. యూనిట్‌కు రూ.13 పడింది.

లిథియంలో ఇళ్లకు ఎంచుకోవాల్సింది ఎల్‌ఎఫ్‌పీ రకం, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 51.2 వోల్టులు, 100 ఏహెచ్, లోపల 3.2 వోల్టుల సెల్స్ 16 వరసగా ఉంటాయి. 5.12 యూనిట్లలో తొంభై శాతం వాడుకోవచ్చు, లోడ్‌కు 4.3 యూనిట్లు చేరతాయి. రోజూ నింపి రోజూ ఖాళీ చేసినా పదేళ్లు నడుస్తుంది. మధ్యలో సామర్థ్యం తగ్గడాన్ని కలుపుకున్నా ఆ పదేళ్లలో ఇచ్చేది 13,000 యూనిట్లు. బ్యాటరీ వరకే చూస్తే యూనిట్‌కు రూ.8 లోపు, ఇన్వర్టర్ తేడా కూడా వేస్తే రూ.11.

ఇదంతా రోజూ పూర్తిగా వాడితే. రోజుకు అరగంటో గంటో కరెంటు పోయి, అర యూనిట్ మాత్రమే బ్యాటరీ నుంచి తీసుకునే ఇంట్లో పదేళ్లకు 1,800 యూనిట్లే వాడకం. రూ.1.45 లక్షలను దానితో భాగించండి: యూనిట్ రూ.80. అందుకే తక్కువ కోతలున్న ఇంటికి మామూలు ఇన్వర్టర్ చాలంటున్నాం.

ట్యూబులర్‌తో సోలార్ నడపడంలో అసలు ఇబ్బంది ఛార్జింగ్ దగ్గర వస్తుంది. దాన్ని ఏహెచ్‌లో పదో వంతు కరెంటుతోనే నింపాలి. 150 ఏహెచ్‌కు 15 ఆంపియర్లు, అంటే 800 వాట్లు. పైన 3 కిలోవాట్లు వస్తున్నా బ్యాటరీ తాగేది అంతే. సగం ఖాళీ అయినది పూర్తిగా నిండాలంటే ఆరేడు గంటలు పైనే, చివరి పది శాతం మరీ నెమ్మది. మబ్బు పట్టిన వారంలో ఒక్కరోజూ నిండదు. నిండకుండా రోజులు గడిస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి మూడేళ్లకే మూలపడుతుంది. ఎల్‌ఎఫ్‌పీ 50 ఆంపియర్లు తీసుకుంటుంది, రెండు రెండున్నర గంటల ఎండలో నిండుతుంది. కాస్త వెలితిగా ఉన్నా దానికి బాధ లేదు.

ట్యూబులర్‌పై రాసిన 150 ఏహెచ్ కూడా పది గంటల పాటు నెమ్మదిగా లాగితే వచ్చే లెక్క. గంటలోనే లాగేస్తే సగం పైచిలుకే వస్తుంది. దాని పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది: ఎక్కడైనా దొరుకుతుంది, పాతదానికి తూకం మీద డబ్బు వస్తుంది, అప్పుడప్పుడూ వాడే బ్యాకప్‌కు అయిదారేళ్లు నిలుస్తుంది. మూడు నాలుగు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోసే ఓపిక ఉండాలి.

డీజిల్ ఉన్న చోట లెక్క తిరగబడుతుంది

చిన్న జనరేటర్ లీటరు డీజిల్‌కు 3 యూనిట్లు ఇస్తుంది. లీటరు రూ.96 అనుకుంటే యూనిట్ రూ.32, అదీ ఇంధనానికే. రోజూ రెండు గంటలు కరెంటు పోయే ఊళ్లో 3 కిలోవాట్ల లోడున్న క్లినిక్‌కు రోజుకు 2 లీటర్లు, ఏడాదికి రూ.70,000. దాని బదులు 10 యూనిట్ల ఎల్‌ఎఫ్‌పీకి రూ.2 లక్షలు, ఇన్వర్టర్ తేడాకు రూ.60,000 పెడితే నాలుగేళ్ల లోపే తీరిపోతుంది. మందుల ఫ్రిజ్ ఉన్న చోట, ల్యాబ్ యంత్రాలున్న చోట కరెంటు మారే ఆ 10, 20 మిల్లీసెకన్లలో యంత్రం ఆగకపోవడం మరో లాభం. జనరేటర్ అమ్మేయకండి. తుపానుకు మూడు రోజులు లైన్ రాకపోతే అదే దిక్కు.

అదే మాట ఆక్వా చెరువు దగ్గర చెల్లదు. నీటిలో గాలి కలిపే 2 హెచ్‌పీ ఏరేటర్లు నాలుగు రాత్రంతా తిరిగితే గంటకు 6 యూనిట్లు, పది గంటలకు 60. అంత నిల్వకు 5 యూనిట్ల బ్యాటరీలు పద్నాలుగు కావాలి, అంటే రూ.14 లక్షలు. పైగా అర్హులైన ఆక్వా రైతులకు ఆంధ్రప్రదేశ్‌లో యూనిట్ రూ.1.50కే వస్తోంది. అక్కడ సోలారే గిట్టుబాటు కాదు, బ్యాటరీ మాట చెప్పనక్కర్లేదు. కరెంటు పోయిన అరగంటలో అందుకునే జనరేటర్, అది తనంతట తాను మొదలయ్యే ప్యానెల్ పెట్టుకోవడమే రొయ్యను కాపాడుతుంది.

పేపర్లో "బ్యాటరీతో కలిపి సోలార్ యూనిట్ రూ.3.52" అని చదివినవారు ఇంట్లో రూ.11 ఎందుకని అడుగుతారు. ఆ రూ.3.52 ధర 2024 డిసెంబరులో కేంద్ర సంస్థ సెకీ (సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) పిలిచిన టెండర్‌లో వచ్చింది. 2,000 మెగావాట్ల సోలార్, 4,000 మెగావాట్ అవర్ల (ఒక్కోటి వెయ్యి యూనిట్లు) నిల్వ. అక్కడ ఎక్కువ యూనిట్లు బ్యాటరీని తాకకుండా నేరుగా లైన్లోకి పోతాయి, సాయంత్రం పీక్ గంటలకు కావాల్సినంతే నిల్వ చేస్తారు. రెండింటి సగటు ధర అది. ఛత్తీస్‌గఢ్‌లోని రాజ్‌నంద్‌గావ్‌లో సెకీ పెట్టిన 100 మెగావాట్ల ప్లాంటుకు నిల్వ 120 మెగావాట్ అవర్లే. నంద్యాల జిల్లా పిన్నాపురంలో నిల్వకు నీళ్లనే వాడుతున్నారు, 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ: నీళ్లు పైకి తోడి ఉంచి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఇంటి బ్యాటరీని ఆ ధరలతో పోల్చడం కుదరదు.

సైజు ఎంత?

బ్యాకప్‌లో నడవాల్సినవి ముందు కాగితం మీద రాయండి. కరెంటు తక్కువ తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు నాలుగు 120 వాట్లు, ఎనిమిది ఎల్‌ఈడీలు 80, ఫ్రిజ్ సగటు 60, టీవీ 80, వైఫై 10, ఇన్వర్టర్ సొంత తిండి 50. మొత్తం 400 వాట్లు. 4.3 యూనిట్లతో దాదాపు పదకొండు గంటలు. పాత రకం ఫ్యాన్లయితే ఒక్కోటి 75 వాట్లు, అప్పుడు ఏడున్నర గంటలకు పడిపోతుంది. బ్యాటరీ పెంచేకంటే ఫ్యాన్లు మార్చడం చవక. టన్నున్నర ఇన్వర్టర్ ఏసీ ఒక్కటి సగటున కిలోవాట్ లాగినా మొత్తం మూడు గంటల్లో ముగుస్తుంది.

బోరు మోటారును బ్యాకప్‌లో కలపొద్దు. 1 హెచ్‌పీ నడుస్తున్నప్పుడు లాగేది కిలోవాట్ దగ్గర్లోనే. మొదలయ్యే క్షణంలో దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది, 3 కిలోవాట్ల ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. గీజరు, ఇస్త్రీపెట్టె, ఇండక్షన్ స్టవ్ కూడా గ్రిడ్ వైపే ఉంచండి.

ప్యానెళ్ల లెక్క తేలిక. 540 వాట్లవి ఆరు, 3.24 కిలోవాట్లు, దాదాపు 300 చదరపు అడుగుల నీడ లేని చోటు. మే నెల మధ్యాహ్నం యాప్‌లో 2.5 కిలోవాట్లే కనిపిస్తే కంగారు పడొద్దు. ప్యానెల్ వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. సెల్ 65 డిగ్రీలకు చేరితే డిగ్రీకి 0.3 నుంచి 0.35 శాతం చొప్పున 12 నుంచి 14 శాతం అక్కడే పోతుంది, మిగతాది దుమ్ము, వైర్లు. కోస్తాలో అసలు తగ్గుదల జులై, ఆగస్టు, అక్టోబరు, నవంబరు మబ్బుల్లో ఉంటుంది.

ఎక్కడ చెడుతుంది

లిథియం బ్యాటరీ పెట్టి ఇన్వర్టర్ సెట్టింగ్ లెడ్ యాసిడ్‌లోనే వదిలేయడం ఎక్కువగా కనిపించే తప్పు. ట్యూబులర్ కోసం అప్పుడప్పుడూ చేసే ఈక్వలైజేషన్ ఛార్జింగ్ 58 వోల్టులు దాటుతుంది, ఎల్‌ఎఫ్‌పీకి 56, 56.8 చాలు. అంతకు మించితే లోపలి బీఎంఎస్ (సెల్స్‌ను కాపలా కాసే సర్క్యూట్) బ్యాటరీని ఒక్కసారిగా విడగొడుతుంది. ఇల్లు చీకటవుతుంది, ఆ కుదుపుకు ఇన్వర్టర్ బోర్డు కూడా పోవచ్చు. ఇన్వర్టర్, బీఎంఎస్ మాట్లాడుకునే క్యాన్ కేబుల్ కలిసి ఉండాలి, పిన్నుల వరస కంపెనీకో రకం. తెరపై బ్యాటరీ శాతం బీఎంఎస్ నుంచి వస్తోందో, వోల్టేజీ చూసి ఇన్వర్టర్ ఊహిస్తోందో బిగించిన రోజే చూపించమనండి. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజీ మధ్యలో దాదాపు కదలదు కనుక ఊహించిన శాతం నమ్మడానికి పనికిరాదు.

న్యూట్రల్ రెండో చిక్కు. బ్యాకప్ కొస న్యూట్రల్‌ను ఇంటి పాత న్యూట్రల్ బస్‌కు కలిపేస్తే ఆర్‌సీసీబీ (షాక్ తగిలితే కరెంటు తెంచే స్విచ్) మాటిమాటికీ పడిపోతుంది. బ్యాకప్ డీబీకి న్యూట్రల్ బస్ వేరుగా ఉండాలి. లైన్ నుంచి విడిపోయినప్పుడు న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపే రిలే ఇన్వర్టర్‌లో ఉందో లేదో అడగండి. లేకపోతే సరిగ్గా కరెంటు పోయిన వేళ షాక్ తగిలినా ఆర్‌సీసీబీ పడదు.

బ్యాటరీ వైర్లు మూడోది. 48 వోల్టుల మీద 5 కిలోవాట్లు లాగితే 110 ఆంపియర్లు దాటుతుంది. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, క్రింప్ చేసిన (నొక్కి బిగించిన) లగ్గులు, అంటే వైరు కొస తొడుగులు, బ్యాటరీ దగ్గరే డీసీ ఫ్యూజు ఉండాలి. ఇంటి కరెంటుకు వాడే ఏసీ ఎంసీబీని డీసీ వైపు పెడితే తెంచినప్పుడు పుట్టే మంట ఆరదు, అదే కాలిపోతుంది. నెల తర్వాత లోడ్ మీద ఉన్నప్పుడు లగ్గుల దగ్గర చెయ్యి పెట్టకుండా థర్మామీటర్ గన్‌తో చూస్తే వదులుగా ఉన్నది వేడితో బయటపడుతుంది.

ఇక చోటు. మేడ మీది మెట్ల గదిలో పెడతారు, మేలో అక్కడ 45 డిగ్రీలు దాటుతుంది. లెడ్ యాసిడ్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు సగమవుతుంది, లిథియం కూడా త్వరగా ముసలిదవుతుంది. కింది అంతస్తులో నీడగా, గాలాడే చోట, వంటగ్యాస్‌కు దూరంగా పెట్టండి. ట్యూబులర్ నుంచి హైడ్రోజన్ వస్తుంది, కిటికీ లేని గది వద్దు.

ఇప్పటికే ఆన్‌గ్రిడ్ ఉంటే

రెండు మార్గాలు. పాత ఇన్వర్టర్ తీసేసి హైబ్రిడ్ పెట్టడం, లేదా దాన్ని అలాగే ఉంచి బ్యాటరీ ఇన్వర్టర్‌ను పక్కన కలపడం. రెండోదాన్ని ఏసీ కప్లింగ్ అంటారు. అందులో కరెంటు డీసీ నుంచి ఏసీకి, మళ్లీ డీసీకి, మళ్లీ ఏసీకి మారుతుంది కనుక నష్టం 15 నుంచి 20 శాతం. బ్యాటరీ నిండినప్పుడు బ్యాటరీ ఇన్వర్టర్ ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్ నుంచి పైకి జరిపి సోలార్‌ను తగ్గించమని చెబుతుంది. పాత ఇన్వర్టర్‌కు ఆ భాష తెలియకపోతే ఆగుతూ మొదలవుతూ రోజంతా కొట్టుకుంటుంది. సోలార్ ఇన్వర్టర్ సామర్థ్యం బ్యాటరీ ఇన్వర్టర్‌ను మించకూడదు. పాతదానికి వారంటీ అయిదేళ్లు పైన మిగిలి ఉంటే ఏసీ కప్లింగ్, లేకపోతే మార్చేయడం మేలు. ఏది చేసినా డిస్కంకు చెప్పి చేయాలి.

"ఇప్పుడు హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ తర్వాత" అన్న సలహా వినబడుతుంటుంది. ఏడాదిలోపు కొనేట్టయితే సరే. నాలుగేళ్ల తర్వాతైతే ఆ ఇన్వర్టర్ ఒప్పుకునే బ్యాటరీ మోడళ్లు దొరకకపోవచ్చు. బ్యాటరీ లేకుండా చాలా హైబ్రిడ్‌లు బ్యాకప్ ఇవ్వవు కూడా.

కొటేషన్‌లో ఇవి రాతపూర్వకంగా ఉండాలి: బ్యాటరీ ఏహెచ్ కాక వాడుకోదగ్గ యూనిట్లు, వారంటీ ఏళ్లతో పాటు ఎన్ని సైకిళ్లకు (ఒకసారి నింపి ఖాళీ చేయడం ఒక సైకిల్), చివరికి ఎంత శాతం సామర్థ్యానికి, బ్యాకప్ కొస ఎన్ని కిలోవాట్లు, ఎన్ని సెకన్ల సర్జ్ (మోటార్లు మొదలయ్యేటప్పటి అదనపు లోడ్), ఇన్వర్టర్ సొంత వాడకం, డీసీకి, ఏసీకి, పిడుగు వాహకానికి వేర్వేరు ఎర్త్ గుంతలు మూడు. బిగించిన రోజు డబ్బు చివరి వాయిదా ఇచ్చే ముందు మెయిన్ స్విచ్ ఆపించి, ఫ్రిజ్, ఫ్యాన్లు నడుస్తుండగా రెండు గంటలు వదిలేయండి. యాప్‌లో బ్యాటరీ ఎన్ని యూనిట్లు ఇచ్చిందో, శాతం ఎంత తగ్గిందో చూసి, యూనిట్లను ఆ శాతంతో భాగించి వందతో గుణిస్తే మీకమ్మిన 5 యూనిట్లు నిజంగా ఉన్నాయో లేదో ఆ సాయంత్రమే తెలుస్తుంది.